ముందు సీసా, తర్వాతే మాత్ర: ఇంట్లో పెద్దవాళ్లకి యూరిన్ ఇన్ఫెక్షన్ వస్తే ఏం చేయాలి

మా అత్తకి 74 ఏళ్లు. మా ఊరు కావలి దగ్గరే, ఆటోలో ముప్పావుగంట. పోయిన రోహిణీ కార్తెలో ఒకరోజు పొద్దున కాఫీ గ్లాసు చేతికిస్తే పట్టుకుని అలాగే కూర్చుంది. తాగవేంటత్తా అంటే, "గేదెకి కుడితి పెట్టారా?" అని అడిగింది. మేము గేదెని అమ్మేసి తొమ్మిదేళ్లయింది. అంతకు రెండు రోజుల ముందే పొత్తికడుపులో పీకుతోందని, ఒంటేలుకి పోతే చురుక్కుమంటోందని చెప్పింది. "వేడి చేసిందిలే అమ్మాయ్" అని తనే బొడ్డులో ఆముదం వేసుకుని, సబ్జా నీళ్లు తాగి పడుకుంది, మేము కూడా సరే ఎండలు కదా అనుకున్నాం. ఆరోజు ఊళ్లోనే వైద్యం చేసే ఒకాయన్ని పిలిస్తే సెలైన్ ఎక్కించి, ఒక ఇంజెక్షన్ చేసి, పేరు తెలియని మాత్రలు కాగితం పొట్లంలో కట్టిచ్చి వెళ్లారు. మర్నాటి రాత్రికి వణుకు, జ్వరం. నెల్లూరు తీసుకెళ్తే డాక్టరమ్మ అడిగిన మొదటి మాట, "మందు మొదలుపెట్టక ముందు యూరిన్ కల్చర్‌కి ఇచ్చారా?"

ఇవ్వలేదు. కల్చర్ అంటే మూత్రంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి, అది ఏ క్రిమో, ఏ మందుకి లొంగుతుందో చూసే పరీక్ష. అక్కడికి వెళ్లాక ఇచ్చాం, రెండు రోజులకి 'నో గ్రోత్' అని వచ్చింది. అంటే క్రిమి లేదని కాదు, ముందే పడిన ఇంజెక్షన్ వల్ల అది ల్యాబ్‌లో పెరగలేదు, అంతే. ఏ క్రిమో తెలీదు, ఏ మందుకి లొంగుతుందో తెలీదు. దాంతో అన్నిటికీ పనికొచ్చే పెద్ద మందునే నరానికి ఎక్కించాల్సి వచ్చింది, వారం ఆసుపత్రిలో ఉన్నాం. అత్త బాగైంది. కానీ ఒక చిన్న ప్లాస్టిక్ సీసాలో ముందే మూత్రం పట్టి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదేమో అన్న బాధ నాకు ఇప్పటికీ ఉంది. అందుకే ఇదంతా రాస్తున్నాను. డాక్టరు చేసే పని మనం చేయలేం, ఆ డాక్టరు దగ్గరికి వెళ్లే లోపల, వెళ్లొచ్చాక ఇంట్లో మన చేతుల్లో ఉండే పనులు ఇవి.

మొదట: అది నిజంగా ఇన్ఫెక్షనేనా చూడండి

మన దగ్గర దేనికైనా "వేడి చేసింది" అనే మాట ఉంది. ఆ మాట పూర్తిగా తప్పేం కాదు. ఎండకి చెమట పట్టి, నీళ్లు తక్కువ తాగితే మూత్రం చిక్కబడి, ముదురు పసుపు రంగులో వచ్చి కొంచెం చురుక్కుమంటుంది. అది ఒక పూట మజ్జిగ, నీళ్లు బాగా తాగితే తెల్లబడి తగ్గిపోతుంది. ఇన్ఫెక్షన్ అలా తగ్గదు. నీళ్లు తాగినా మంట ఉంటుంది, పోసి వచ్చిన పావుగంటకే మళ్లీ వస్తున్నట్టు ఉంటుంది, వెళ్తే నాలుగు చుక్కలు. పొత్తికడుపు దగ్గర నొప్పి, ఇంతకుముందు లేకుండా బట్టల్లో పడిపోవడం, మూత్రంలో రక్తం, చలిజ్వరం, నడుముకి ఒక పక్క డొక్కలో నొప్పి. వీటిలో కొత్తగా మొదలైనవి ఏమున్నాయో చూడండి. కొత్తగా అన్నదే ముఖ్యం. ఐదేళ్లుగా రాత్రి నాలుగుసార్లు లేచే మనిషి ఈరోజు కూడా నాలుగుసార్లు లేస్తే అది ఇన్ఫెక్షన్ గుర్తు కాదు.

పెద్దవాళ్లు, అందులోనూ ఆడవాళ్లు, ఇది నోరు తెరిచి చెప్పరు. కొడుక్కి అసలు చెప్పరు. కోడలికో కూతురికో చెప్పినా రెండు రోజులు ఆగి చెప్తారు. కాబట్టి మనమే గమనించాలి. లోపలి పావడా తనే విడిగా ఉతుక్కుంటోందా, నీళ్ల చెంబు పొద్దున నింపింది సాయంత్రానికీ నిండుగానే ఉందా, దొడ్లోకి పోయి వచ్చేటప్పుడు గోడ పట్టుకుని ఒక నిమిషం నిలబడుతోందా. మా అత్త విషయంలో ఈ మూడూ జరిగాయి, మేము చూడలేదు.

ఇంకో పక్క, మూత్రం వాసన వస్తోందనో, మబ్బుగా ఉందనో మాత్రమే ఇన్ఫెక్షన్ అని తేల్చేయకండి. నీళ్లు తక్కువైనా వాసన వస్తుంది, కొన్ని మాత్రలకీ వస్తుంది. వయసు పైబడిన వాళ్లలో చాలామందికి మూత్రసంచిలో బ్యాక్టీరియా ఏ ఇబ్బందీ పెట్టకుండా ఊరికే ఉంటుంది. పల్లెల్లో, పట్నాల్లో తిరుగుతూ ఉన్న ముసలివాళ్లలోనే కొందరికి ఉంటుంది, మంచాన పడ్డవాళ్లలో ఇంకా ఎక్కువమందికి. దానికి మందు వేయకూడదు. వేస్తే మనిషికి వచ్చే లాభం ఏమీ లేదు, లోపలున్న క్రిమి ఆ మందుకి అలవాటుపడి రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు లొంగదు. అమెరికాలోని అంటువ్యాధుల డాక్టర్ల సంఘం 2019లో ఇచ్చిన సూచనల్లో కూడా ఇదే ఉంది. గర్భిణులకి, మూత్రమార్గంలో రక్తం వచ్చేలాంటి ఆపరేషన్ చేయబోయేవాళ్లకి తప్ప లక్షణాలు లేకుండా వైద్యం అక్కర్లేదు. కంటి శుక్లం ఆపరేషన్‌కి వెళ్తే అందరికీ చేసే పరీక్షల్లో భాగంగా యూరిన్ టెస్ట్ చేసి, పస్ సెల్స్ (చీము కణాలు) ఉన్నాయని యాంటీబయాటిక్ రాసే సందర్భాలు ఉన్నాయి. అప్పుడు అడగండి, "ఈమెకి మంట లేదు, జ్వరం లేదు, మందు తప్పనిసరా?" అని. అడిగితే తప్పేం లేదు, మంచి డాక్టరు కోప్పడరు.

మనిషి మాట తడబడితే

కాఫీ గ్లాసు కథ విని, ముసలివాళ్లు అయోమయంగా మాట్లాడితే యూరిన్ ఇన్ఫెక్షనే అనుకోకండి. మా అత్తకి అంతకుముందు రెండు రోజుల నుంచి మంట ఉంది, అందుకే అది యూరిన్ ఇన్ఫెక్షనే అయ్యింది. మంట, జ్వరం, నొప్పి ఏమీ లేకుండా ఒక్కసారిగా తికమక మొదలైతే ఇంకా చాలా కారణాలు వెతకాలి. ఒంట్లో నీళ్లు తగ్గడం, సోడియం పడిపోవడం, షుగర్ డౌన్ కావడం, మూడు నాలుగు రోజులుగా విరేచనం కాకపోవడం, ఊపిరితిత్తుల్లో నిమ్ము, కొత్తగా మొదలుపెట్టిన నిద్రమాత్ర, వారం క్రితం జారిపడి తలకి తగిలిన దెబ్బ. సోడియం గురించి ప్రత్యేకంగా చెప్పాలి. బీపీ మాత్రల్లో హైడ్రోక్లోరోథయజైడ్, క్లోర్‌థాలిడోన్ లాంటివి కలిసి ఉంటే పెద్దవాళ్లకి సోడియం బాగా తగ్గే అవకాశం ఉంది, ఎండాకాలం చెమటకి తోడైతే మరీను. రక్తపరీక్షలో సోడియం మామూలుగా 135 నుంచి 145 మధ్య ఉండాలి.

మూతి వంకర పోవడం, ఒక చెయ్యి కాలు లేవకపోవడం, మాట ముద్దగా రావడం ఉంటే మూత్రం సంగతి పక్కనపెట్టి ఆ క్షణమే 108కి ఫోన్ చేయండి, అది పక్షవాతం కావచ్చు, అక్కడ గంటలు కాదు నిమిషాలు లెక్క. షుగర్ మిషన్ ఇంట్లో ఉంటే వెంటనే ఒక చుక్క రక్తం చూడండి. 70 కంటే తక్కువ ఉండి, మనిషి మింగగలిగితే మూడు నాలుగు స్పూన్ల చక్కెర నీళ్లలో కలిపి తాగించి అప్పుడు బయల్దేరండి.

ఇంట్లో ఆగకూడని సందర్భాలు

చలితో వణికించే జ్వరం, డొక్కలో నొప్పి, వాంతులు, పిలిస్తే పలక్కుండా మగతగా ఉండటం, ఊపిరి వేగంగా తీసుకోవడం, చేతులు కాళ్లు చల్లబడటం, పొద్దున్నుంచి మూత్రం అసలు రాకపోవడం. వీటిలో ఒక్కటి ఉన్నా ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకానో రక్తంలోకో పాకి ఉండొచ్చు. పెద్దవాళ్లలో కొందరికి జ్వరం రాదు, ఒళ్లు మామూలుగానే ఉండి మనిషి వాడిపోతారు, కాబట్టి థర్మామీటర్‌ని నమ్ముకుని కూర్చోవద్దు. షుగర్ ఉన్నవాళ్లకి ఇది ఇంకా తొందరగా ముదురుతుంది, ఒక్కోసారి కిడ్నీలో గ్యాస్ కూడా పుడుతుంది, అది స్కాన్‌లో తప్ప తెలీదు. అలాంటప్పుడు ఊళ్లో సెలైన్ పెట్టించుకుని తెల్లారే దాకా చూద్దాం అనే ఆలోచనే వద్దు. నెల్లూరు దర్గామిట్ట పెద్దాసుపత్రి అయినా, ఒంగోలులో మనం ఇంకా రిమ్స్ అనే పిలిచే పెద్దాసుపత్రి అయినా రాత్రిపూట తెరిచే ఉంటాయి, రెండూ మెడికల్ కాలేజీలకి అనుబంధంగా ఉన్నవే.

షుగర్‌కి డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ అనే మాత్రలు వాడుతూ ఉంటే, జ్వరం వచ్చి అన్నం తినలేకపోతున్నప్పుడు అవి ఆపాలా అని డాక్టర్ని ఫోన్లోనైనా అడగండి. తిండి లేకుండా అవి వేసుకుంటే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంది.

సీసాలో మూత్రం పట్టడం

నా ఉద్దేశంలో అన్నిటికంటే ముఖ్యమైన పని ఇదే, అందుకే వివరంగా చెప్తాను. మందు ఒక్క మాత్ర కూడా వేయకముందు, ఇంజెక్షన్ పడకముందు ఇది జరగాలి. పరిస్థితి సీరియస్‌గా ఉండి ఆసుపత్రిలో వెంటనే మందు ఎక్కించాల్సి వస్తే సీసా కోసం మందు ఆపమని కాదు, కానీ అక్కడ కూడా ముందు శాంపిల్ తీసుకున్నారా అని ఒక్క మాట అడగండి.

మెడికల్ షాపులోనో ల్యాబ్‌లోనో వెడల్పు మూతి ఉన్న స్టెరైల్ సీసా దొరుకుతుంది, సీలు వేసి ఉంటుంది. కడిగిన టానిక్ సీసా, ఊరగాయ పెట్టిన డబ్బా, చిన్న వాటర్ బాటిల్ పనికిరావు. ఎంత కడిగినా వాటిలో వేరే క్రిములు ఉంటాయి, రిపోర్టులో అవే పెరుగుతాయి. ఒక రెండు సీసాలు ఇంట్లో పెట్టుకోండి, మా ఇంట్లో ఇప్పుడు దేవుడి అలమర పైన ఉంటాయి.

తెల్లవారి మొదటి మూత్రం మంచిది, రాత్రంతా సంచిలో నిలిచి ఉంటుంది కాబట్టి. కుదరకపోతే నాలుగు గంటలు ఆగి పోసింది. కానీ మంటతో అంతసేపు ఆపుకోలేని మనిషిని బలవంతపెట్టొద్దు, వచ్చిందే పట్టండి. ముందు చేతులు సబ్బుతో కడుక్కోవాలి. కింద మామూలు నీళ్లతో శుభ్రంగా కడగాలి, ముందు నుంచి వెనక్కి. డెటాల్ లాంటివి వాడొద్దు, ఆ మందు సీసాలో పడితే క్రిమి చచ్చిపోతుంది. ఆడవాళ్లయితే కాళ్లు ఎడంగా పెట్టి, ఒక చేత్తో పెదవులు విడదీసి పట్టుకుని మొదటి ధారని వదిలేయాలి, ధార ఆగకుండానే మధ్యలో సీసా పెట్టి సగం నిండాక తీసేయాలి, చివరిది మళ్లీ వదిలేయాలి. మగవాళ్లు ముందు చర్మం వెనక్కి లాగి కడుక్కుని అలాగే చేయాలి. సీసా అంచు ఒంటికి తగలకూడదు, మూత లోపలి వైపు వేలు పెట్టకూడదు, మూతని నేలమీద బోర్లా పెట్టకూడదు.

ఇది చెప్పినంత తేలిక కాదు. మోకాళ్ల నొప్పులున్న మనిషి కూర్చుని, ఒక చేత్తో ఇది, ఒక చేత్తో అది పట్టుకోలేదు. రెండోసారి అత్తకి మంట వచ్చినప్పుడు నేను ఎత్తు స్టూలు లాంటి కమోడ్ కుర్చీ మీద కూర్చోబెట్టి, గ్లవుజులు వేసుకుని, ముందు కూర్చుని నేనే పట్టాను. సిగ్గుతో తల పక్కకి తిప్పుకుంది. నేను తలుపు వేసి, ఫ్యాన్ ఆపి, పక్కన పంపు సన్నగా తిప్పి వదిలాను, నీళ్ల చప్పుడుకి రెండు నిమిషాల్లో వచ్చింది. "నువ్వు కన్న బిడ్డకి చేసినట్టు చేస్తున్నావు" అంది. మీరు చేసేటప్పుడు కూడా ఇంట్లో మగపిల్లలు అటు ఇటు తిరగని వేళ చూడండి, హడావిడి పెట్టొద్దు.

మంచాన ఉన్నవాళ్లకి శుభ్రంగా కడిగి ఆరబెట్టిన బెడ్‌పాన్‌లోంచి పట్టడం కంటే నర్సు చేత సన్న గొట్టంతో తీయించడం నమ్మకం. డైపర్ పిండి తీసింది, కేథటర్ (మూత్రం పోవడానికి పెట్టిన గొట్టం) సంచిలోంచి ఒంపింది అస్సలు ఇవ్వకండి.

పట్టిన తర్వాత మూత బిగించి, పేరు, తేదీ, పట్టిన టైము రాసి గంట, రెండు గంటల్లో ల్యాబ్‌కి చేర్చాలి. మే నెల ఎండలో బైకు డిక్కీలో గంటన్నర తిరిగితే క్రిములు ఎన్నో రెట్లు పెరిగిపోతాయి. దూరమైతే ఫ్రిజ్‌లో కింది అరలో పెట్టి, ఫ్రీజర్‌లో కాదు, ఐసుముక్కలు వేసిన చిన్న ఫ్లాస్కులోనో బాక్సులోనో తీసుకెళ్లండి, అలా చల్లగా ఉంచితే ఒక రోజు వరకు ఆగుతుంది. శనివారం సాయంత్రం ఇవ్వాల్సి వస్తే ఆదివారం కల్చర్ పెడతారా లేదా ముందే ఫోన్ చేసి కనుక్కోండి. చీటీలో 'యూరిన్ రొటీన్' మాత్రమే ఉంటే 'కల్చర్ అండ్ సెన్సిటివిటీ' కూడా రాయమని అడగండి, రెండూ వేరు.

రిపోర్టు చదవడం

రొటీన్ గంటలో వస్తుంది, కల్చర్‌కి రెండు మూడు రోజులు పడుతుంది. రొటీన్‌లో పస్ సెల్స్, నైట్రైట్ (కొన్ని క్రిములు ఉంటే మూత్రంలో కనపడేది) అని ఉంటాయి. పెద్దవాళ్లలో ఇన్ఫెక్షన్ లేకుండానే పస్ సెల్స్ కనపడతాయి కాబట్టి ఆ ఒక్క అంకె చూసి టెన్షన్ పడొద్దు. కల్చర్‌లో ఎక్కువసార్లు కనపడే పేరు ఈ.కోలై, మన పేగుల్లో ఉండేదే, కింద నుంచి మూత్రమార్గంలోకి ఎక్కుతుంది. క్లెబ్సియెల్లా, ప్రోటియస్, ఎంటరోకాకస్ కూడా రావచ్చు. మిల్లీలీటరుకి లక్ష కాలనీలు (ల్యాబ్‌లో పెరిగిన క్రిమి గుంపులు) దాటి, పైగా మనిషికి లక్షణాలు కూడా ఉంటే అది జబ్బు. 'మిక్స్‌డ్ గ్రోత్' అని వస్తే మనం సరిగ్గా పట్టలేదని అర్థం, ఇంకోసారి పట్టాలి.

కింద మందుల పట్టిక ఉంటుంది, పక్కన ఎస్, ఐ, ఆర్ అని అక్షరాలు. ఎస్ అంటే ఆ మందుకి లొంగుతుంది, ఆర్ అంటే లొంగదు, ఐ అంటే ఆ రెండిటికీ మధ్యలో. మన దేశంలో సిప్రోఫ్లాక్సాసిన్, నార్‌ఫ్లాక్సాసిన్ పక్కన ఆర్ చాలాసార్లు కనపడుతుంది, ఎన్నేళ్లుగానో విరేచనాలకి, జ్వరానికి, ప్రతిదానికీ అవే వేసుకుని వేసుకుని ఈ స్థితికి తెచ్చుకున్నాం. ఈ పట్టిక చూసి మీరే మందు కొనుక్కోవద్దు. ఎస్ అని ఉన్నవాటిలో మనిషి కిడ్నీకి, వయసుకి, ఇన్ఫెక్షన్ ఎక్కడ ఉందన్నదానికి ఏది సరిపోతుందో డాక్టరే చూడాలి. రిపోర్టు మాత్రం పారేయకండి, ఫోటో తీసి దాచండి, తర్వాతిసారి వచ్చినప్పుడు కల్చర్ వచ్చేలోపల ఏ మందు మొదలుపెట్టాలో డాక్టరుకి ఇదే దారి చూపిస్తుంది.

మందు దగ్గర మీరు చెప్పాల్సినవి

డాక్టరు దగ్గరికి పాత మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లండి. ఆఖరిసారి చేయించిన క్రియాటినిన్ (కిడ్నీ ఎలా పనిచేస్తోందో చూపే రక్తపరీక్ష) రిపోర్టు కూడా. ఎందుకో చెప్తాను.

నైట్రోఫ్యూరంటాయిన్ మూత్రసంచి ఇన్ఫెక్షన్‌కి మంచి మందు, ఇంకా చాలావాటికి పనిచేస్తోంది, కానీ కిడ్నీ బాగా దెబ్బతిన్నవాళ్లకి పనికిరాదు, కిడ్నీ దాకా పాకిన జ్వరానికి కూడా చాలదు. అన్నం తిన్నాక వేసుకోవాలి, మూత్రం గోధుమరంగులో వస్తే భయపడక్కర్లేదు. మంట తగ్గడానికి ఇచ్చే సిట్రేట్ సిరప్ ఇంట్లో ఉంది కదా అని దీంతోపాటు తాగిస్తే మూత్రం క్షారంగా మారి ఈ మందు బలం తగ్గుతుంది, అందుకే అడక్కుండా కలపొద్దు. ఆ సిరప్ మంటకే గానీ క్రిమిని చంపదు. ఫాస్ఫోమైసిన్ అని 3 గ్రాముల పొడి నీళ్లలో కలిపి ఒక్కసారి తాగే మందు ఉంది, రోజూ గుర్తుపెట్టుకుని మాత్ర వేసుకోలేని వాళ్లకి సులువు. కో-ట్రైమాక్సజోల్ రాస్తే టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి బీపీ మందులు వాడుతున్నామని తప్పకుండా చెప్పాలి, రెండూ కలిస్తే రక్తంలో పొటాషియం పెరిగి గుండెకి ప్రమాదం. సిప్రో, లెవోఫ్లాక్సాసిన్ జాతి మందులు 60 దాటినవాళ్లలో మడమ వెనక ఉండే స్నాయువు (కండని ఎముకకి కట్టే తాడు లాంటిది) తెగేదాకా తేగలవు, స్టెరాయిడ్ వాడేవాళ్లకి మరీ ఎక్కువ, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలతో కలిస్తే షుగర్ ఒక్కసారిగా పడిపోవచ్చు. రక్తం పలచబడే వార్ఫరిన్ వేసుకుంటుంటే ఏ యాంటీబయాటిక్ అయినా రక్తం ఎంత పలచబడిందో చూసే ఐఎన్ఆర్ పరీక్ష ముందుకి జరపాలి. జెంటామైసిన్, అమికాసిన్ ఇంజెక్షన్లు కిడ్నీ పరీక్ష చూడకుండా ఊళ్లో వరసగా చేయించుకోవద్దు, కిడ్నీకీ చెవులకీ రెండిటికీ దెబ్బ.

స్ట్రిప్ మీద నిలువుగా ఎర్ర గీత ఉంటే అది డాక్టరు చీటీ లేకుండా వాడకూడని మందు. 2014 మార్చి నుంచి పెద్ద యాంటీబయాటిక్‌లు చాలావాటికి షాపులో రిజిస్టరు రాయాలన్న రూలు కూడా ఉంది. పొట్లం కట్టిన పేరులేని మాత్రలు ఎవరిచ్చినా తీసుకోకండి, కనీసం పేరు కాగితం మీద రాయించుకోండి. ఆరోజు ఆ పేరు మేం అడిగి ఉంటే నెల్లూరులో సగం పని తేలికయ్యేది.

ఎన్ని రోజులు చెప్తే అన్ని రోజులు. ఆడవాళ్లకి మామూలు మూత్రసంచి ఇన్ఫెక్షన్‌కి కొద్ది రోజులే సరిపోతుంది, మగవాళ్లకి ఎక్కువగా వారం. మిగిలిన మాత్రలు డబ్బాలో దాచి తర్వాతిసారికి వేసుకోవడం, పక్కింటి అవ్వకి ఇవ్వడం మానేయండి.

మందు మొదలుపెట్టి రెండు రోజులైనా మంట, జ్వరం తగ్గకపోతే అదే మందు కొనసాగించకుండా వెళ్లి కనపడండి. తగ్గిపోతే, క్రిమి పోయిందా అని మళ్లీ కల్చర్ చేయించాల్సిన పనిలేదు. ఒక్కటి మాత్రం, ఇన్ఫెక్షన్ తగ్గాక కూడా మూత్రంలో రక్తం వస్తే వదలొద్దు. మనది పొగాకు పండే ప్రాంతం, చుట్ట, బీడీ తాగిన తాతలు ప్రతి ఊళ్లో ఉన్నారు, పొగతాగడం మూత్రసంచి కేన్సర్‌కి పెద్ద కారణం. నొప్పి లేకుండా ఎర్రగా వస్తే అసలు ఆలస్యం చేయొద్దు, యూరాలజిస్టుకి చూపించాలి.

మగవాళ్లకి, గొట్టం ఉన్నవాళ్లకి

నాయనకి మూత్రం సన్నగా వస్తోంది, పోసినా ఇంకా మిగిలినట్టు ఉంది అంటే ప్రోస్టేట్ (మగవాళ్లకి మూత్రసంచి కింద ఉండే గ్రంథి) పెరిగి ఉండొచ్చు. సంచి పూర్తిగా ఖాళీ కాకపోతే నిలవ ఉన్న నీళ్లలో క్రిమి పెరుగుతుంది, ఎన్ని మందులు వాడినా మళ్లీ వస్తుంది. కడుపు స్కానింగ్ చేసేటప్పుడు మూత్రం పోసిన తర్వాత ఎంత మిగిలిందో కొలవమని అడగండి. జలుబుకి షాపులో ఇచ్చే మాత్రలు, క్లోర్‌ఫెనిరమైన్ కలిసినవి, ఇలాంటివాళ్లకి ఒక్కసారిగా మూత్రం బంద్ చేయొచ్చు. పొత్తికడుపు ఉబ్బి, వస్తున్నట్టుండి చుక్క రాకపోతే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి, గొట్టం వేసి తీస్తారు.

కేథటర్ ఇంటికి పెట్టి పంపితే సంచి ఎప్పుడూ నడుము కంటే కిందే ఉండాలి, నేలకి తగలకూడదు, మంచం పట్టెకి కట్టండి. మూడింట రెండు వంతులు నిండగానే ఒంపేయండి, చేతులు ముందూ తర్వాతా కడగండి. గొట్టం ఉన్నన్ని రోజులు మూత్రంలో క్రిమి ఉంటుంది, అది మామూలే. జ్వరం, నొప్పి లేకుండా పరీక్ష చేయించొద్దు, ముందుజాగ్రత్తగా మందు వేయొద్దు. పరీక్ష అవసరమైతే చాలా రోజుల పాత గొట్టాన్ని మార్చి కొత్తదాంట్లోంచి శాంపిల్ తీయమనండి. ప్రతిసారీ వెళ్లినప్పుడు "ఇది ఇంకా అవసరమా?" అని అడగండి.

మళ్లీ రాకుండా

ఆరు నెలల్లో రెండుసార్లు లేదా ఏడాదిలో మూడుసార్లు వస్తే దాన్ని పదేపదే వచ్చే ఇన్ఫెక్షన్ అంటారు, రాళ్లు ఉన్నాయా, నిలవ ఉంటోందా అని స్కాన్ చేయించాలి.

నీళ్ల సంగతి. ముసలివాళ్లు నీళ్లెందుకు తాగరో అడిగితే జవాబు ఒకటే, మళ్లీ లేచి పోవాలి కదా అని. దొడ్లో ఎక్కడో బాత్రూమ్, రాత్రి చీకటి, మెట్టు, పడతానేమో అన్న భయం. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లున్న ఊళ్లలో క్యాను నీళ్లు కొనుక్కుని పొదుపుగా తాగే ఇళ్లు కూడా ఉన్నాయి. ఫ్లోరైడ్ వల్ల ఈ ఇన్ఫెక్షన్ రాదు, కానీ నీళ్లు తగ్గించి తాగితే వచ్చే అవకాశం పెరుగుతుంది. ముందు దారి బాగుచేయండి, మంచం పక్కన లైటు స్విచ్, బాత్రూమ్‌లో పట్టుకోవడానికి ఒక కడ్డీ, రాత్రికి మంచం పక్కనే కమోడ్ కుర్చీ. ఆ తర్వాత నీళ్లు తాగమని చెప్పండి. మేము లీటరు పట్టే స్టీలు చెంబులు రెండు అత్త మంచం పక్కన పెడతాం, ఒకటి అన్నం టైముకి, రెండోది పొద్దు గుంకేలోపు ఖాళీ కావాలి, ఆ తర్వాత గొంతు తడుపుకోవడానికే. రాత్రి లేవడం తగ్గింది. బార్లీ, సబ్జా, పలచని మజ్జిగ, నిమ్మకాయ నీళ్లు అన్నీ ఆ లెక్కలోవే, బీపీ ఉంటే ఉప్పు, షుగర్ ఉంటే చక్కెర వేయకండి. గుండె బలహీనంగా ఉండి కాళ్లవాపు ఉన్నవాళ్లకి, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకి రోజుకి ఎన్ని నీళ్లన్నది డాక్టరే చెప్పాలి, వాళ్లకి కొబ్బరినీళ్లు కూడా అడక్కుండా ఇవ్వొద్దు, పొటాషియం ఎక్కువ.

మూడు గంటలకోసారి వచ్చినా రాకపోయినా వెళ్లి రమ్మనండి. పెళ్లికి, తిరుమలకి, దూరం బస్సు ప్రయాణానికి వెళ్తే ఆపుకోనివ్వకండి, బస్టాండులో ఆగినప్పుడల్లా దింపండి. మలబద్ధకం ఉంటే అది ముందు సరిచేయాలి, పేగు నిండి ఉంటే మూత్రసంచిని నొక్కుతుంది. డైపర్ వాడితే తడవగానే మార్చండి, రాత్రికి ఒకటే అని లెక్కపెట్టుకోవద్దు. మూత్రం వచ్చే చోట పైన దురద, తెల్లగా పూత, ముఖ్యంగా మూత్రంలోంచి చక్కెరని పంపించే షుగర్ మాత్రలు (ముందు చెప్పిన డాపాగ్లిఫ్లోజిన్ లాంటివి) వాడేవాళ్లలో ఉంటే అది ఫంగస్, దానికి యాంటీబయాటిక్ వేస్తే ఇంకా పెరుగుతుంది.

ఆడవాళ్లకి ఒక ముఖ్యమైన సంగతి మన దగ్గర ఎవరూ చెప్పరు. నెలసరి ఆగిపోయాక ఆ భాగం పొడిబారి, అక్కడ ఉండే మంచి బ్యాక్టీరియా తగ్గిపోతుంది, అందుకే ఈ వయసులో ఇన్ఫెక్షన్ మళ్లీ మళ్లీ వస్తుంది. గైనకాలజిస్టు రాస్తే లోపల రాసుకునే ఈస్ట్రోజెన్ క్రీము దీన్ని బాగా తగ్గిస్తుంది. రొమ్ము కేన్సర్ వచ్చి తగ్గినవాళ్లు ఆ మాట డాక్టరుకి ముందే చెప్పాలి. ఈ వయసులో నాకెందుకమ్మా అని సిగ్గుపడతారు, మీరే తోడు వెళ్లి లోపల మీరే మాట మొదలుపెట్టండి. ఇన్ఫెక్షన్ మళ్లీ రాకుండా రోజూ యాంటీబయాటిక్ వాడాల్సిన పరిస్థితి వస్తే మెథనమైన్ అనే మందు గురించి కూడా అడగొచ్చు, అది యాంటీబయాటిక్ కాదు, 2022లో బ్రిటన్‌లో ఆడవాళ్ల మీద చేసిన పరిశోధనలో రోజూ వేసే యాంటీబయాటిక్‌కి దాదాపు సమానంగా పనిచేసింది. డి-మానోస్ పొడి 2024లో వచ్చిన బ్రిటన్ పరిశోధనలో పనిచేయలేదు, క్రాన్‌బెర్రీ మాత్రలు వయసు పైబడి సంరక్షణ కేంద్రాల్లో ఉన్నవాళ్లకి ఉపయోగపడతాయని రుజువు లేదు. ఆ డబ్బు కమోడ్ కుర్చీకి పెట్టండి.

మా ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీద ఒక కాగితం అంటించి ఉంది. అత్త పేరు, వయసు, రోజూ వేసుకునే మాత్రలు, పోయిన కల్చర్‌లో వచ్చిన క్రిమి పేరు, ఏ మందులకి ఎస్ వచ్చింది, ఏవాటికి ఆర్, ఆఖరి క్రియాటినిన్ ఎంత, ఏ మందు పడలేదు. ఇంట్లో నేను లేనప్పుడు ఎవరు తీసుకెళ్లినా ఆ కాగితం చించుకుని వెళ్తే చాలు. ఇవాళే ఒకటి రాసి మీ ఫ్రిజ్‌కి అంటించండి, కింద ల్యాబ్ ఫోన్ నంబరు, వాళ్లు శాంపిల్ ఎన్నింటి వరకు తీసుకుంటారో ఆ టైము కూడా.